కూలి కోస్తే ఇల్లు చవకవుతుందా?

ప్రశ్న: ఇల్లు మొదలుపెట్టాం. పునాది లేచేసరికే సిమెంటు, ఇనుము, కంకర అన్నీ పెరిగిపోయాయి. మాకు తెలిసిన మేస్త్రి చెప్పిన లేబర్ రేటు భారంగా ఉంది. వేరే ప్రాంతం నుంచి మనుషుల్ని తెచ్చే కాంట్రాక్టరు ఒకాయన అంతకంటే 20 శాతం తక్కువకి చేస్తానంటున్నాడు. మావారు ఆ కాంట్రాక్టరు వైపు, మామగారు మేస్త్రి వైపు. మధ్యలో నేను. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు లెక్క వేద్దాం. ఎవరి వైపు ఉండాలో లెక్కే చెబుతుంది.

మీ ఇంటి మొత్తం ఖర్చు 100 అనుకోండి. అందులో లేబర్ 30, సామాను 60, అనుమతులూ అద్దెలూ లాంటివి 10 అనుకుందాం. ఈ అంకెలు మీ ఇంటికి కొంచెం అటూ ఇటూ కావచ్చు, మీ సొంతవి వేసి చూసుకోండి. కాంట్రాక్టరు తగ్గిస్తానన్న 20 శాతం ఆ 30 మీదే. అంటే మొత్తం ఖర్చులో మిగిలేది 6. మీవారు మనసులో 20 మిగులుతుందని లెక్కేసుకుని ఉంటారు. నేను ఉద్యోగమంతా కొలతల పుస్తకం పట్టుకుని సైట్ల వెంట తిరిగినవాణ్ణి. ఈ పొరపాటు లెక్క చదువుకున్నవాళ్ల దగ్గరే ఎక్కువ చూశాను.

ఇప్పుడు ఆ 6 ఎంతవరకు నిలుస్తుందో చూడండి. పని తెలిసిన జట్టు చేతిలో సామాను వృథా 5 శాతం ఉంటే, తొందరపడే జట్టు చేతిలో 10 శాతం కావడానికి పెద్దగా ఏమీ జరగనక్కర్లేదు. గోడ కింద రాలిన మాలు మళ్లీ తట్టలోకి ఎత్తకపోవడం, ఇనుప కడ్డీలు కొలత చూడకుండా కోయడం, కలిపిన మాలు గట్టిపడేదాకా వదిలేయడం చాలు. సామాను 60లో 5 శాతం అంటే 3. మీ ఆదాలో సగం పోయింది. ఇక ఆలస్యం. వేరే చోట ఇంకాస్త మంచి కూలి దొరికితే తక్కువ కూలికి వచ్చిన జట్టు వెళ్లిపోతుంది, వాళ్లను తప్పుపట్టలేం. పని మూడు నెలలు ఆగిందనుకోండి. ఇంకా కొనాల్సిన సామాను 40 ఉండి, ధరలు నెలకి ఒక శాతం పెరుగుతుంటే మరో 1.2 పోతుంది. మిగిలింది 1.8. స్నానాల గది గోడ ఒక్కసారి పగలగొట్టి మళ్లీ కట్టిస్తే అది కూడా ఉండదు.

ధరలు నిలకడగా ఉన్న రోజుల్లో చెడ్డ పనికి నష్టం ఒక్కసారే. ధరలు పెరిగే రోజుల్లో అదే గోడను రెండోసారి కట్టేది కొత్త ధరకి కొన్న ఇటుకతో. అందుకే ఇలాంటి కాలంలో చేయి తిరిగిన మనిషి విలువ పెరుగుతుంది. జనం మాత్రం సరిగ్గా అప్పుడే అతని కూలి కోయాలని చూస్తారు. కారణం కూడా తెలిసిందే. సిమెంటు కంపెనీతో బేరం ఆడలేం, ఇనుము ధర దుకాణంవాడి చేతిలో లేదు. ఎదురుగా నిలబడి ఉన్నది మేస్త్రి ఒక్కడే.

నిజానికి ఆకాశానికి ఎగిరేది ఎక్కువగా సామాను ధర. అమెరికాలో కోవిడ్ తర్వాత కలప ధర 2021 మే నాటికి మహమ్మారికి ముందున్న దానికి దాదాపు నాలుగు రెట్లయింది. ఆ వేసవి తిరగకుండానే భారీగా పడింది కూడా. వడ్రంగుల కూలి ఎక్కడైనా అలా నాలుగు రెట్లయిందని విన్నారా? కూలి నెమ్మదిగా, ధరల వెనకాల ఆయాసపడుతూ నడుస్తుంది.

ఇక అసలు ప్రశ్న అడగాల్సింది ఆ కాంట్రాక్టరునే: “20 శాతం ఎక్కడ తగ్గించావు?” తన లాభం తగ్గించుకుంటే సంతోషం. లేదంటే మనుషులకిచ్చేదైనా తగ్గించి ఉండాలి, మనుషుల సంఖ్యైనా తగ్గించి ఉండాలి. మనుషులు తగ్గితే ముందు ఆగిపోయేవి కంటికి కనిపించని పనులు.

కాంక్రీటులో నీళ్ల సంగతే తీసుకోండి. సిమెంటుకి నీటి పాలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని డఫ్ ఏబ్రమ్స్ అనే ఇంజనీరు 1918లోనే ప్రయోగాలతో తేల్చాడు. అయినా జట్టులో మనుషులు చాలకపోతే, మాలును కదిపి మూలమూలకీ దింపే వైబ్రేటర్ యంత్రం పట్టుకునే చేతులు లేకపోతే, బకెట్ నీళ్లు ఎక్కువ పోస్తారు. మాలు జారుగా పారుతుంది, పని త్వరగా తెములుతుంది. ఆ రోజు చూస్తే స్లాబు నున్నగా, అందంగానే ఉంటుంది.

స్లాబు తడపడం ఇంకొకటి. సాధారణ సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. మేం బలం లెక్కగట్టేది 28వ రోజున. ఈ తడిపే పనికి జట్టులో అందరికంటే తక్కువ కూలి ఉన్న మనిషిని పెడతారు. రేటు గీసి గీసి ఒప్పుకున్న కాంట్రాక్టరు మొదట ఇంటికి పంపేసేది ఆ మనిషినే. కడ్డీల కింద పెట్టే కవర్ బ్లాకులదీ ఇదే కథ. అవి పెట్టకపోతే కడ్డీ సెంట్రింగు పలకకి ఆనుకుంటుంది, కడ్డీని కప్పే కాంక్రీటు పొర ఉండదు, చెమ్మ తగులుతుంది, తుప్పు పడుతుంది, ఉబ్బి స్లాబు పెచ్చులు ఊడుతుంది. ఇదంతా బయటపడేసరికి ఏళ్లు పడుతుంది. అప్పటికి కాంట్రాక్టరు ఫోను నంబరు మారిపోయి ఉంటుంది. దగ్గర్లో ఉండే మేస్త్రి అయితే ఎదురుపడకుండా తిరగలేడు. అతనికి వచ్చే తర్వాతి పని మీ గోడను చూసే వస్తుంది. మీకు అంతకు మించిన గ్యారంటీ కాగితం ఎవరూ రాసివ్వరు.

అలాగని మీ మామగారికి పూర్తి మార్కులు వేయను. తెలిసినవాడు కాబట్టి మంచివాడు అనుకోకూడదు. ఆ మేస్త్రి అయిదేళ్ల కింద కట్టిన ఇల్లు ఒకటి చూపించమనండి. వానపడ్డ మర్నాడు వెళ్లి కిటికీల కింద, బాత్రూం వెనక గోడ మీద చేయి పెట్టి చూడండి. చుట్టుపక్కల కడుతున్న మరో రెండు మూడు ఇళ్లవాళ్లను రేటు అడగండి. అందరూ ఇచ్చేదే ఆయన అడిగితే పైసా తగ్గించకండి. అంతకంటే ఎక్కువ అడిగితే ఎందుకో అడగండి, సరైన కారణం లేకపోతే బేరం ఆడండి. అడిగినంతా ఇచ్చేయమని నేను చెప్పడం లేదు.

మీకు నిజంగా డబ్బు తగ్గించుకోవాలని ఉంటే ఇంటిని చిన్నది చేయండి. పోర్టికో తర్వాత వేసుకోవచ్చు. ఫాల్ సీలింగు అసలు లేకపోయినా నిద్రపడుతుంది.

ప్రశ్న: నేను తాపీ మేస్త్రిని. పోయిన ఏడాది ఒక బిల్డింగు లేబర్ కాంట్రాక్టు ఒప్పుకున్నాను. ఓనరు వల్లనే పని ఆగి, ఇప్పుడు మళ్లీ మొదలైంది. పాత రేటుకి మనుషులు రావడం లేదు. రేటు పెంచమంటే “మాట అంటే మాటే” అంటున్నారు. మధ్యలో అడగడం తప్పా?

జవాబు: మేస్త్రిగారూ, తప్పు కాదు. అయితే అడిగే పద్ధతి ఉంది.

ప్రపంచంలో పెద్ద పెద్ద వంతెనలూ ఆనకట్టలూ కట్టించే కాంట్రాక్టుల్లో ఈ సంగతి ముందే రాసుకుంటారు. కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ 1913లో పుట్టింది. దాని 1999 నాటి ప్రామాణిక షరతుల్లో ధరల సవరణకి ఒక సూత్రమే ఉంది. రేటును ముక్కలు చేస్తారు. కొంత మారని భాగం, కొంత కూలి, కొంత యంత్రాలు, కొంత సామాను. కూలి సూచీ, అంటే కూలి పెరుగుదలను కొలిచే అంకె, ఎంత పెరిగిందో కూలి ముక్క అంత పెరుగుతుంది, మిగతావి వాటి వాటి సూచీల ప్రకారం. కోట్ల పనులు చేసే కంపెనీకి ఈ రక్షణ ఉంది. నోటి మాట మీద గోడ కట్టే మీకు లేదు. మాట తప్పారన్న నింద మాత్రం మీకే.

కాబట్టి మీరూ ముక్కలు చేసి చూపించండి. మీ రేటు 100 అనుకుంటే, అందులో మీ లాభం, పరంజా అద్దె, పనిముట్లు కలిపి 30 అనుకోండి, మనుషుల కూలి 70. కూలి 10 శాతం పెరిగిందనుకుంటే 70కి 7 కలుస్తుంది. మీరు అడగాల్సింది 107. మీ 30 మీద పెంపు అడగకండి, అడగడం లేదని ఓనరుకి చెప్పండి కూడా. అయిపోయిన పనికి పాత రేటే, మిగిలిన పనికే కొత్త రేటు. పని ఆగింది ఆయన వల్లే కాబట్టి మీ మాటకి బలం ఉంది. మీ వల్ల ఆగి ఉంటే నేనింత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు.

అప్పటికీ ఒప్పుకోకపోతే ఇంకో లెక్క చెప్పండి. ధరలు ఏడాదికి 8 శాతం చొప్పున పెరుగుతూ కూలి కదలకపోతే, మూడేళ్లకి 100 రూపాయల కూలి కొనేది పాత 79 రూపాయల సరుకే. కూలి “పెంచడం” అని ఓనరు అనుకుంటున్నది, పోయినదాన్ని పూడ్చడం మాత్రమే.

వచ్చే కాంట్రాక్టులో మాత్రం ఒక్క వాక్యం రాయించుకోండి: “పని ఆరు నెలలు దాటితే మిగిలిన పనికి కూలి భాగం అప్పటి రేటు ప్రకారం.” తెల్లకాగితం మీదైనా సరే, ఇద్దరి సంతకాలూ ఉండాలి.

ప్రశ్న: కూలి పెంచితే ధరలు ఇంకా పెరుగుతాయి కదా? ద్రవ్యోల్బణం తగ్గాలంటే ప్రభుత్వాలే కూలి రేట్లు అదుపులో పెట్టాలని నా వాదన. మీ కాలమ్ ఎప్పుడూ మేస్త్రుల వకాల్తాలా ఉంటుంది.
— ఒక అర్థశాస్త్ర విద్యార్థి

జవాబు: వకాల్తా పుచ్చుకున్నాననే అనుకోండి, ఫీజు మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు.

మీ వాదన కొట్టిపారేసేది కాదు. చాలా తక్కువ సమయంలో కూలి విపరీతంగా పెరిగితే కట్టడాల ఖర్చు పెరుగుతుంది, నిజమే. మీరు చెప్పిన మందుని ఒక దేశం వేసి చూసింది. 1971 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, నిర్మాణ రంగంలో కూలి ద్రవ్యోల్బణాన్ని పెంచుతోందని చెప్పి, డేవిస్-బేకన్ చట్టాన్ని నిలిపేశారు. ప్రభుత్వ పనుల్లో స్థానికంగా నడుస్తున్న కూలి ఇచ్చి తీరాలనే చట్టం అది. మార్చి నెలాఖరుకే నిలిపివేతను ఎత్తేసి, దాని బదులు నిర్మాణ రంగంలో కూలి పెంపులను పరిశీలించే సంఘం ఒకటి వేశారు. ఆగస్టులో ఏకంగా దేశమంతా ధరలనూ జీతాలనూ 90 రోజులు స్తంభింపజేశారు. 1974లో ఆ దేశపు ద్రవ్యోల్బణం సుమారు 11 శాతం. మధ్యలో 1973 నాటి చమురు దెబ్బ ఉంది కాబట్టి ఇదంతా కూలిని అదుపు చేసినందువల్లే అనను. నేను చెప్పేది చిన్నమాట: చమురు, ఆహారం ధరలు ఎగురుతుంటే తాపీపనివాడి కూలి పట్టుకుని లాగినంత మాత్రాన అవి దిగిరావు.

మీరు చదువుకుంటున్నారు కాబట్టి ఇంకొకటి గమనించండి. కూలి తగ్గించినవాళ్లు ఇల్లు అమ్మేటప్పుడు ధర తగ్గించారా? కూలి తగ్గిందని ఫ్లాటు చవకగా అమ్మిన బిల్డరు నాకైతే తగల్లేదు.

ప్రశ్న: “స్థానికులకే పని” అనడం వలస కూలీలకు అన్యాయం కాదా?

జవాబు: ఈ నెల వచ్చిన వాటిలో నన్ను బాగా ఆలోచింపజేసిన ఉత్తరం ఇదే. పై జవాబులో చెప్పిన చట్టం పుట్టుకలోనే మీ ప్రశ్న ఉంది.

1920లలో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో మాజీ సైనికుల కోసం ఒక ప్రభుత్వ ఆసుపత్రి కట్టాల్సి వచ్చింది. అలబామా కాంట్రాక్టరు ఒకరు తక్కువ టెండరు వేసి పని దక్కించుకుని, తన వెంట అక్కడి కూలీలను తెచ్చాడు. స్థానిక పనివాళ్లకి పని పోయింది. ఆ ప్రాంత ప్రతినిధి రాబర్ట్ బేకన్ 1927లో బిల్లు పెట్టాడు. అది 1931లో చట్టమైంది, అప్పటికి మహామాంద్యం ముదిరింది. ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. కానీ వచ్చిన కూలీలు నల్లజాతివాళ్లు. బిల్లు మీద చర్చల్లో కొందరు సభ్యులు వాళ్ల జాతిని ఎత్తి మాట్లాడిన సంగతి రికార్డుల్లోనే ఉంది. ఆ చట్టం మంచిదా, నల్లవాళ్లను దూరం పెట్టడానికి పనికొచ్చిందా అని అక్కడ ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. “స్థానికం” అనే గొడుగు కింద ఇలాంటివి దూరగలవు. అందుకే మీరు అనుమానించడం సబబే.

నా మటుకు నేను కూలి ఎంత అనేది చూస్తాను, మనిషి ఎక్కడివాడనేది చూడను. 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రభుత్వ కాంట్రాక్టుల కోసం చేసిన 94వ ఒప్పందం చెప్పేది కూడా ఇదే: పని జరిగే ప్రాంతంలో అదే రకం పనికి ఉన్న కూలి కంటే తక్కువ ఇవ్వకూడదు. వచ్చినవాడు ఎక్కడివాడైనా కావచ్చు, కూలి మాత్రం ఇక్కడిది. అలా ఇస్తే ఎవరినో తెచ్చి ఉన్నవాళ్ల పొట్ట కొట్టే లాభం కాంట్రాక్టరుకి ఉండదు. వచ్చినవాడికీ మోసం ఉండదు. వలస కూలీని చవక కూలీగా చేసింది అతను కాదు కదా.

ఇక మన మధ్యే అద్దెకుండి, మన మధ్యే సరుకులు కొనుక్కుని, పిల్లల్ని బడికి పంపుతున్నవాడు ఎక్కడ పుట్టాడో నాకు అనవసరం. అతను స్థానికుడే. కట్టిన గోడ పగిలితే పిలవగానే వస్తాడు.

అన్నట్టు, ఆ చట్టంలోనే ద్రవ్యోల్బణం గురించి ఒక పాఠం ఉంది. అది ఎంత పెద్ద పనులకు వర్తిస్తుందన్న హద్దును 1935లో 2,000 డాలర్లకు దించారు. ఇప్పటికీ అదే 2,000. అప్పట్లో ఆ డబ్బుకి ఓ మోస్తరు పని జరిగేది, ఇప్పుడు చిన్న మరమ్మతు కూడా ఆ హద్దు దాటుతుంది. అంకె కదలకపోవడం ఇక్కడ కూలివాడికి కలిసొచ్చింది. కదలని అంకె కూలివాడిదే అయితే ఏమవుతుందో పైన మేస్త్రిగారికి చెప్పాను.

ప్రశ్న: ఒక మేస్త్రి రోజుకి కట్టే ఇటుకలు మా తాత కాలంలో ఎన్నో ఇప్పుడూ అన్నే. మరి కూలి ఎందుకు పెరగాలి?

జవాబు: విలియం బామోల్ అనే ఆర్థికవేత్త 1960లలో ఇదే ప్రశ్నకి సంగీతం నుంచి జవాబు చెప్పాడు. నలుగురు వాయించే కచేరీకి రెండొందల ఏళ్ల కిందటా నలుగురే కావాలి, ఇప్పుడూ నలుగురే. వేగం పెంచడానికి లేదు. కానీ చుట్టూ ఫ్యాక్టరీల్లో జీతాలు పెరుగుతుంటే వాయించేవాళ్లకీ పెంచాలి, లేకపోతే వాయిద్యం పక్కన పెట్టి ఫ్యాక్టరీకే పోతారు. తాపీ పనీ అంతే. మేస్త్రి కొడుకు డెలివరీ బండి ఎక్కితే మీ ఇంటి గోడ ఎవరు కడతారు?

ప్రశ్న: లేబర్ డబ్బు మొత్తం పని అయ్యాక ఇస్తానంటే కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. ఇది మాకు మంచిదే కదా?

జవాబు: మీకు మంచిదే అనిపిస్తుంది. అతను ఒప్పుకున్నాడంటే మీకు అప్పు పెడుతున్నది అతని కూలీలు. ధరలు పెరిగే రోజుల్లో మూడు నెలల తర్వాత చేతికొచ్చే కూలి, ఒప్పుకున్న కూలి ఒకటి కాదు.

కూలీలకి వారం వారం డబ్బు చేరాలి. అది వాళ్ల చేతికే చేరుతోందో లేదో కూడా చూసుకోండి. కాంట్రాక్టరు ఇచ్చినట్టే ఇచ్చి కొంత వెనక్కి గుంజుకోవడం కొత్త విద్యేం కాదు, దాన్ని నేరంగా చూస్తూ అమెరికాలో 1934లోనే కోప్‌లాండ్ చట్టం చేయాల్సి వచ్చింది. కూలి నేరుగా పనిచేసినవాడికే ఇవ్వాలని 1949 నాటి కార్మిక సంస్థ 95వ ఒప్పందం కూడా చెబుతుంది. శనివారం సాయంత్రం సైటు దగ్గరికి వెళ్లి, తట్టలు మోసే ఆమెను విడిగా అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

పని బాగా తేలేదాకా కొంత ఆపుకోవాలనుకుంటే ఆపుకోండి, అది మీ హక్కు. అయితే ఆపేది కాంట్రాక్టరు లాభంలోంచి ఆపండి. ఒప్పందం రాసేటప్పుడే కూలి ఒక అంకెగా, అతని లాభం ఇంకో అంకెగా విడివిడిగా రాయించండి. రెండో అంకెలో కొంత మొదటి వానాకాలం దాటాక ఇస్తానని చెప్పండి.